నాలుగు బాణాలు

రండ్రా, దగ్గరికి రండి. ఈవేళ బెంచీలు వద్దు, కింద చాప మీద కూర్చోండి. అలా గోడలకి అతుక్కుపోకండి, మధ్యకి జరగండి. వాజిద్, ఆ కిటికీ కింద నించి ఇటు రా. ఇంకొంచెం ఇటు. ఆఁ, ఇప్పుడు కనబడ్డావు.

అయినా మిమ్మల్నే అడగాలి. ఏడాది పొడుగునా టీవీలో బొమ్మ అంత చిన్నగా వస్తంటే ఒక్కరికీ నోరు రాలేదేట్రా? చుట్టూ జానెడు నల్లటి అంచు, నడిమధ్యన పాఠం. వెనక బెంచీ వాళ్ళకి అక్షరాలు చీమలబారులా ఉండుంటాయి. 'కనబళ్ళేదండీ మేష్టారూ' అనడానికి ఏటి మీకు కష్టం?

ఏటి ప్రవల్లికా? గట్టిగా చెప్పు.

నేను పెట్టేను కాబట్టి అలాగే ఉండాలేమో అనుకున్నారా. సరే. అందరూ అదే అనుకున్నారా? సరే.

మిమ్మల్ని తిట్టట్లేదులెండి. సంచులు పక్కన పెట్టండి. ఆదివారం రమ్మన్నాను కదాని లెక్కల పుస్తకాలు మోసుకొచ్చేరు, పాపం. లెక్కలు లేవు. కథ చెప్తాను.

రాజు కథా? కాదు. నక్కా లేదు, పులీ లేదు. ఒక మేష్టారి కథ. ఎప్పుడో జరిగింది కాదు, పోయిన ఏడాది మొదలైంది. ఏ ఊళ్ళో అంటారా? చోడవరం నించి ఆటో ఎక్కితే పావుగంట. ఆ మేష్టారి పేరు సత్యారావు.

నవ్వుతారేట్రా? అవును, నేనే. మారుపేరు పెట్టి చెప్దామనుకున్నాను. మీరు రెండో ముక్కకే పట్టేస్తారు, ఎందుకొచ్చిన శ్రమ.

పోయిన జూలైలో ఉదయ్‌కుమార్ వచ్చేడు, గుర్తుందా? చోడవరంలో సెల్‌ఫోన్ల షాపు. మీకంటే పదిహేనేళ్ళ ముందు ఈ గదిలోనే ఎక్కాలు రాక ఏడిచేవాడు. బడిలో ఇంత టీవీ ఉండి దాంట్లో పాఠాలు వచ్చే దారి లేదని, అరచేతంత నల్లడబ్బా తెచ్చి వెనకాల తగిలించేడు. ఇంటర్నెట్టులో ఉన్నవన్నీ ఇందులో వస్తాయండి మేష్టారూ, అన్నాడు. వచ్చేయి కూడా. తెర మీద గ్రహాలు తిరిగేయి. గుండె కొట్టుకుంది. మీరందరూ నోళ్ళు తెరుచుకుని చూసేరు.

మీకు మధ్యాహ్నం వండి పెట్టే నూకరత్నం ఊరుకుంటుందా? కొత్త వస్తువు వచ్చిందని పసుపూ కుంకుమా తెచ్చింది. టీవీకి బొట్టు పెట్టింది, రిమోటుకి పెట్టింది, డబ్బాకి పెట్టింది. నేను వద్దన్నానా? లేదు. నేనూ దండం పెట్టేను.

ఆ బొట్టు డబ్బా మొహం మీదున్న చిన్న దీపానికి సరిగ్గా తగిలింది. రిమోటు ఏం చెప్తందో డబ్బాకి తెలిసేది అక్కడే. దాన్నే మూసేసేం. ఉదయ్ వెళ్ళిపోయేక ఎంత నొక్కినా పలకదు. దగ్గరికెళ్ళి, డబ్బా మీదకి వంగి నొక్కితే పలుకుతుంది. అందుకని నేను టీవీకి మూరెడు దూరంలో నిలబడి రిమోటు నొక్కడం మొదలెట్టేను. బొట్టు సంగతి పది రోజుల దాకా ఎవరికీ తట్టలేదు.

ఆ పది రోజుల్లోనే ఇదంతా జరిగింది.

భారతదేశం పటం పెట్టేను. గుజరాత్ లేదు. అటు చివర అరుణాచల్ లేదు. ఇదేట్రా, దేశాన్ని రెండు పక్కలా ఎవరో కొరికేసేరు అనుకున్నాను. మీకు చెప్తే నవ్వేరు కూడా. ఆ నవ్వెందుకో అప్పుడు అడగలేదు. మీకు దేశం అంతా కనబడతంది కాబట్టి నవ్వేరు. మేష్టారు వేళాకోళం ఆడతన్నారనుకున్నారు.

ఉదయ్‌కి ఫోన్ చేసేను. "కొన్ని టీవీల్లో అంచులు తెగిపోతాయండి మేష్టారూ. సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి, డిస్‌ప్లే అని ఉంటుంది, అది నొక్కండి" అన్నాడు. నొక్కేను. దాంట్లో స్క్రీన్ సైజు సరిచెయ్యడమని ఒకటి ఉంది. అదీ నొక్కేను.

తెర అంతా ఖాళీ అయిపోయి నాలుగు మూలలా నాలుగు బాణాలు వచ్చేయి. మొనలు బయటివైపు చూస్తంటాయి. నాలుగు మొనలూ పూర్తిగా కనబడే వరకు రిమోటుతో బొమ్మని లోపలికి లాగాలి. అంతే పని. రెండో తరగతి గుంటడు కూడా చేస్తాడు.

నేను నించున్న చోట నించి నాకు ఒక్క బాణమూ లేదు. లాగేను. లాగేను. పైవి రెండూ వచ్చినట్టే ఉండి మళ్ళీ పోయేయి. ఎడమది చూస్తే కుడిది లేదు, కుడిది చూస్తే ఎడమది లేదు. నాలుగూ ఒక్కసారి కనబడాలి కదా? మళ్ళీ లాగేను. డబ్బా ఎంతవరకు ఒప్పుకుంటుందో అంతవరకూ లాగేను. అప్పటికీ చాలక, టీవీలోనే బొమ్మ సైజు అని ఇంకొకటుంటే దాన్నీ తగ్గించేను. అప్పుడు కనబడ్డాయి. నాలుగూ.

ఆఖర్న ఆ డబ్బా ఒక ప్రశ్న అడిగింది. బాణాలన్నీ నీకు కనబడుతున్నాయా అని. అవునని నొక్కేను. నా వెనకాల ఇరవై ముగ్గురు పిల్లలు కూర్చున్నారు. వాళ్ళకి ఎలా ఉందని అది అడగలేదు. నేనూ అడగలేదు.

తర్వాత నూకరత్నమే తడిగుడ్డతో తుడుస్తా బొట్టు చెరిపేసింది. రిమోటు కుర్చీలోంచే పలికింది. కానీ నాకు నాలుగు మూలలూ కనబడతన్నాయి కదాని బొమ్మ అలాగే ఉండిపోయింది. మీరూ అలవాటు పడిపోయేరు.

విసుగొస్తందా? రాలేదా? సరే, వినండి.

పోయిన నెల ఉదయ్ మళ్ళీ వచ్చేడా. గుమ్మంలోంచే చూసి పడీపడీ నవ్వేడు. "ఏటండీ మేష్టారూ, పెద్ద కంచంలో ఒక్క ఇడ్లీ పెట్టినట్టు! ఎవడు చేసేడండీ ఈ పని?" అన్నాడు. వాడే రిమోటు లాక్కుని, సర్రుమని బొమ్మని తెర నిండా లాగేడు. మీరందరూ "ఓ..." అన్నారు. వాజిద్ అయితే ఎగిరేడు.

నేను టీవీ దగ్గరే నించుని, "మళ్ళీ అంచులు పోయేయిరా" అన్నాను.

మీ "ఓ" అక్కడ ఆగిపోయింది. గుర్తుందా?

ఉదయ్ నవ్వడం మానేసేడు. నన్ను వరండాలోకి తీసికెళ్ళి, "మేష్టారూ, ఎదురుగా చూడండి, తల తిప్పకండి. ఎన్ని వేళ్ళు చూపిస్తన్నాను?" అన్నాడు. "ఎక్కడ?" అన్నాను.

వాడి చెయ్యి నా చెవి పక్కనే ఉందట.

విశాఖపట్నం తీసికెళ్ళేడు, కంటి ఆసుపత్రికి. అక్కడ ఒక మిషనుంది. పెద్ద తెల్లటి గిన్నెలో మొహం పెట్టినట్టు కూర్చోవాలి. గడ్డం ఆనించి మధ్యలో దీపాన్నే చూస్తా ఉండాలి. చుట్టూ చిన్న చిన్న వెలుగు చుక్కలు వస్తాయి. చుక్క కనబడినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. అదీ పరీక్ష. ఎప్పుడూ మీకు పెట్టేవాణ్ణి, ఆవేళ నేనే రాసేను.

నొక్కేను. నొక్కేను. కాసేపటికి చుక్కలు రావడం మానేసేయి. ఊరికే కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. "అమ్మా, కరెంటు పోయిందా?" అనడిగేను అక్కడున్న అమ్మాయిని. "లేదండీ, చుక్కలు వస్తనే ఉన్నాయి" అంది.

అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. ఓహో, వస్తనే ఉన్నాయా, అనుకున్నాను.

దాన్ని నీటికాసులంటారు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతుంది. ముందు పక్కలు పోతాయి, ఆఖర్న మధ్య పోతుంది. నాకు మధ్య ఉంది. మిమ్మల్ని చూస్తన్నాను కదా, ప్రవల్లిక జడకున్న రిబ్బను కూడా కనబడతంది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోండి, అన్నారు డాక్టరుగారు. చుక్కల మందు రాసేరు. బండి నడపొద్దన్నారు.

ఏటి వాజిద్? పోయిన చోట నల్లగా ఉంటుందా అనా? మంచి ప్రశ్న. నల్లగా ఉంటే తెలిసిపోయేది. ఏమీ ఉండదు. నీ వీపు వెనకాల ఇప్పుడు నీకు ఎలా కనబడతంది? నల్లగా ఉందా? లేదు కదా. అలాగన్నమాట. లేనిది లేదని తెలియదు.

నాకు బాధగా ఉందా అని చూస్తన్నారు మీరు. తెలియదమ్మా. అన్నం తింటన్నాను. నిద్ర పడతంది. అంతే.

తిరుగు బస్సులో కూర్చున్నాను. ఉదయ్‌కి వెనకెక్కడో సీటు దొరికింది. కిటికీ పక్క సీటు. టిక్కెట్టు ఇవ్వడానికి కండక్టరు వచ్చి నించుంటే నేను చూళ్ళేదు. పాపం చాలాసేపు నించున్నాడట. ఆఖరికి భుజం తట్టి, "పెద్దాయనా, పిలస్తంటే పలకవేటి?" అని విసుక్కున్నాడు.

అప్పుడు నాకు ఈ గది గుర్తొచ్చింది. నేను ఎక్కడ నించుంటానో, ఎటు చూస్తానో. పాఠం మధ్యలో ఆపి ప్రశ్న వేస్తాను. చేతులెత్తినవాళ్ళలో ఒకరిని లేపుతాను. ఏడాదంతా ఎవరిని లేపేను? ప్రవల్లికని. వాజిద్‌ని. నడిమి బెంచీల వాళ్ళని. మరి గోడవార కూర్చున్నవాళ్ళు?

మిగతావాళ్ళు గోలపెట్టి అయినా పలికించుకునేవారు. ఎడమవైపు, కిటికీ కింద, ఒక ఆడగుంట కూర్చునేది. గోల చెయ్యదు.

అవును. పైడితల్లి.

జనవరిలో రావడం మానేసింది. చెరకు నరుకుళ్ళు కదా, అమ్మానాన్నల కూడా పొలానికి వెళ్తంది, నెల పోయేక అదే వస్తుంది అనుకున్నాను. హాజరు పట్టీలో సున్నా చుట్టేను. ఇంకో సున్నా చుట్టేను.

మొన్న సోమవారం మిమ్మల్ని అడిగేను చూడండి, పైడితల్లి క్లాసులో ఎలా ఉండేదని. ప్రవల్లిక ఏం చెప్పింది? "రోజూ చెయ్యెత్తేదండి" అంది. రోజూనా? "మొదట్లో రోజూనండి. తర్వాత మోచెయ్యి బల్ల మీద పెట్టుకుని సగం ఎత్తేదండి. తర్వాత ఎత్తలేదండి."

ఇంకోటి కూడా చెప్పేరు. ఒకరోజు అది నోటుబుక్కు పట్టుకుని నా ఎడం పక్కన నించుందట. దానంతటది భిన్నాల లెక్కలు చేసుకొచ్చి, నేను దిద్దుతానని. గంట కొట్టేవరకూ నించుందట. గంట కొట్టేరు. నేను కుర్చీలోంచి లేచి కుడివైపు నించి వెళ్ళిపోయేను.

పిలవొచ్చు కదా, మేష్టారండీ అని? మీరే చెప్పేరు. మేష్టారు చూసి కూడా చూడనట్టు ఉన్నారంటే ఏదో కారణం ఉంటుందనుకుందట.

బుధవారం నాడు వెళ్ళేను. ఉదయ్ బండి వెనకాల కూర్చుని. గోవాడ వెళ్ళే దారిలో పొలంలో ఉన్నారు వాళ్ళు. ఉదయ్ రోడ్డు మీద బండి దగ్గరే ఆగేడు. వాళ్ళ నాన్న పరదేశి నరుకుతన్నాడు, అది చెరకు గెడల ఆకు దూసి మోపులు కడతంది. నన్ను చూసి ఇద్దరూ గాభరా పడిపోయేరు. పరదేశి తలపాగా తీసి గట్టు తుడిచేడు, నేను కూర్చోడానికి.

"మేస్టారూ, ఇంత ఎండలో మీరేటండీ? కబురెడితే నానే రానా?"

"పైడితల్లి బడికి రావట్లేదు కదా పరదేశీ" అన్నాను.

"ఏటి సేత్తాదండి వొచ్చి" అన్నాడు. కోపంగా కాదు. నన్ను ఓదారుస్తన్నట్టు అన్నాడు. "తప్పు మీది కాదండి. దానికి బుర్ర నేదు. మీరు ముప్పై ఏల్ల నించి పిల్లల్ని సూత్తన్నోరు, మొకం సూత్తేనే తెల్సిపోద్ది గదండి మీకు. మీరు లేపట్నేదంటే దానికి రాదనే గదా లెక్క. నానే మానిపించేసినాను. మీకెందుకండీ బరువు?"

దాన్ని అడిగేను. "ఏమ్మా, నిజంగా నీకు రాదా?"

అది మోపు కడతానే ఉంది. "మొదట్లో వొచ్చనుకున్నానండి" అంది. "నాకు రాదని మీకు ముందే తెల్సిపోనాది గదండి. నాను సెయ్యెత్తితే మీకు ఇబ్బందని దించేసినాను."

నాకు ఇబ్బందని.

విన్నారా? విన్నారు కదా.

చొక్కా జేబులో ఆసుపత్రి కాగితం ఉంది. నా రెండు కళ్ళ పటం అందులో ఉంది. చుట్టూ నల్లగా, మధ్యలో ఇంత తెలుపు. దాన్ని తీసి చూపిస్తే ఆ గుంటకి వెంటనే అర్థమౌతుంది, అది తెలివైంది. 'అమ్మా, నువ్వెత్తిన చెయ్యి నాకు కనబళ్ళేదు' అంటే చాలు. ఒక్క ముక్క.

అనలేదు.

ఎందుకంటే పక్కన పరదేశి ఉన్నాడు. గట్టు మీద ఇంకో నలుగురు కూలీలున్నారు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మేష్టారికి కళ్ళు లేవంట అంటారు. ఆఫీసుకి తెలుస్తుంది. మెడికల్ బోర్డుకి వెళ్ళమంటారు. నా సర్వీసు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఇవన్నీ ఆ కాసేపట్లోనే ఆలోచించేను. ఇంత నిదానంగా నడిచే మనిషిని, ఇవి మాత్రం ఎంత తొందరగా ఆలోచించేనో.

పరదేశి అన్నాడు, "మేస్టారికి రెండు మంచి గెడలియ్యే" అని. అది ఏరింది. మొదలూ చివరా నరికి, ఆకుతో కట్టి తెచ్చింది. "తీస్కోండి" అంటంది. ఏ పక్కనుందో నాకు తెలియలేదు. గొంతు వినబడిన వైపు తల తిప్పి వెతుకుతన్నాను. ఈలోగా, నాకు ఇష్టం లేదనుకుని కాబోలు, చెయ్యి దించేసింది.

ఆ దించడం చూసేను. అది మాత్రం కనబడింది.

అప్పుడైనా చెప్పాలా, వద్దా? మీరు చెప్పండి. ఐదో తరగతి వాళ్ళు చెప్పండి. పోనీ మూడో తరగతి వాళ్ళు.

నేనేమన్నానో తెలుసా? "ఎండగా ఉంది, నీళ్ళు తాగుతా ఉండమ్మా" అన్నాను. గెడలు తీసుకున్నాను. బండెక్కేను.

దారిలో ఉదయ్ అడిగేడు, "చెప్పేరా అండీ?" అని. చెప్పేనన్నాను.

ఏడుస్తావేటి ప్రవల్లికా? కళ్ళు తుడుచుకో. నాకోసం అయితే అక్కర్లేదు.

ఇంతకీ నీతి ఏటండీ అని అడగరేం? ప్రతి కథకీ అడుగుతారు కదా. ఈ కథకి నా దగ్గర లేదు. ఎక్కడో ఉండాలి. నాకైతే కనబళ్ళేదు.

నాలుగు రోజులైంది. ఇవాళ వెళ్తాను, రేపు వెళ్తాను అనుకుంటన్నాను. ఒక్కణ్ణీ వెళ్ళలేను, ఉదయ్‌ని రమ్మంటే అబద్ధం బయటపడుతుంది. ఇవన్నీ సాకులే. మీకు తెలుసు. మీరు ఇలాంటి సాకులు చెప్తే నేను బెంచీ ఎక్కిస్తాను.

అది మాత్రం ఆ పొలంలో ఆకు దూస్తా, తనకి చదువు రాదని మేష్టారు తేల్చేసేరని నమ్ముతా ఉంది. నరుకుళ్ళు అయిపోతే ఇంకో పనిలోకి వెళ్తుంది. అప్పుడూ నమ్ముతుంది. దానికి పెళ్ళై పిల్లలు పుట్టేకా నమ్ముతుంది. దానికి భిన్నాలు వచ్చు. ఆ నోటుబుక్కు సంగతి విన్నాక మీరు బడిలో వదిలేసిన పాత పుస్తకాల దొంతర వెతికేను. దొరికింది. పదింటికి పదీ సరిగ్గా చేసింది. నిన్న దిద్దేను. టిక్కులు పెట్టేను, కింద సంతకం పెట్టేను. అదిగో, బల్ల మీదుంది.

నేనే పట్టుకెళ్ళి ఇవ్వాలి. నాకు కాళ్ళు రావట్లేదు.

పెద్దవాళ్ళెవరికీ చెప్పలేకపోయేను. అందుకని సెలవు రోజు మిమ్మల్ని పిలిచి, చాప పరిచి, కథ అని పేరు పెట్టి చెప్పేను. ముప్పై మూడేళ్ళ సర్వీసు. పిల్లల నోటికి ఏదీ ఆగదని నాకు తెలియదా?

ఒంటిగంట అవుతోంది. ఇవాళ బడిలో భోజనం లేదు, మీ అమ్మలు అన్నాలు వండి చూస్తంటారు. లేవండి. సంచులు మర్చిపోకండి. చిన్నవాళ్ళ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించండి.

వాజిద్, బల్ల మీద నోటుబుక్కుంది. నీ ఇల్లూ ప్రవల్లిక ఇల్లూ పైడితల్లి వాళ్ళ వీధి దాటేకే కదా. తీసుకెళ్తే తీసుకెళ్ళు. లేకపోతే అక్కడే ఉంచు.

ఇదంతా ఎవరికీ చెప్పొద్దని నేను మీతో అనలేదు. వెళ్ళండి, అన్నాలు తినండి.